తెర మీది సున్నా

పిచ్చుక కీబోర్డు ముందు కూర్చుంది. ఆఫీసులో అందరికంటే చిన్నదని ఆమెకు ఆ పేరు పెట్టారు. తాకట్టు కంపెనీ అప్పుల లెక్క చూసే ప్రోగ్రాము రాసింది ఆమే. అప్పు సున్నా అయితేనే నగ విడుదలవుతుంది. లేకపోతే గడువు దాటగానే వేలానికి పోతుంది. మనిషి చెయ్యి పడకుండా అంతా యంత్రమే చూసుకుంటుందని కంపెనీవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు.

ఆ ఉదయం వేలం జాబితాలో, బాకీ ఉండాల్సిన చోట, పైనుంచి కిందిదాకా సున్నాలే కనిపించాయి.

"అన్నా, వీళ్లంతా కట్టేశారు కదా! వేలానికెందుకు పోయాయి?"

పక్క సీటు అన్న కళ్లద్దాలు సర్దుకున్నాడు. "తెర మీద చుక్క తర్వాత రెండు స్థానాలే చూపిస్తున్నావు తల్లీ. వెనకున్నదంతా తీసి చూడు."

తీసింది. చుక్క తర్వాత సున్నాల వరుస, చిట్టచివర చీమ తలకాయంత అంకె. మూడో వంతును మనం దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్టే, కంప్యూటరు పదో వంతును పూర్తిగా రాసుకోలేదు. ఎక్కడో ఒకచోట తెంచేస్తుంది. ఆ తెంపులన్నీ కూడి, తీరిపోయిన అప్పులకు తోకలు మొలిచాయి. అన్నీ పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా లెక్కపెట్టమని అన్న మొదట్లోనే అన్నాడు. చాదస్తమని నవ్వేసింది.

"వేలం మొదలైపోయుంటుంది. కొన్నవాళ్లు అక్కడికక్కడే కరిగించేస్తారట!"

"ఏడుపు తర్వాత. ముందు వేలందారుకి ఫోన్ చెయ్యి. మేనేజరుకి నేను చెప్తా."

వేలందారు గొంతు వెనక కొలిమి బుసకొడుతోంది.

"పైనుంచి కాగితం రాకుండా వేలం ఆపితే నా ఉద్యోగం ఊడుతుందమ్మా."

"తప్పు నాది బాబాయ్. నా పేరే రాసుకోండి. మీ కాళ్లు పట్టుకుంటా, ఆపండి."

ఫోన్లోంచి "ఒరేయ్, మంట తగ్గించండిరా!" అని కేక.

"ఆపించాను. ముందు కాసిని మంచినీళ్లు తాగు. కానీ అమ్మా... ఒక జత గాజులు అప్పటికే మూసలో పడి కరిగిపోయాయి."

ఆమె ఆ ఖాతా తెరిచింది. ఫోటోలో బోసినోటితో నవ్వుతున్న ముసలావిడ.

"నేను మాట్లాడనా?" అన్నాడు అన్న.

ఆమె తల అడ్డంగా ఊపి నంబరు నొక్కింది. మోగీ మోగకముందే అటువైపు ఎత్తారు.

"కంపెనీ నుంచా తల్లీ? హమ్మయ్య! గాజులకు ఎప్పుడు రమ్మంటావు?"

అన్న కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని కూర్చున్నాడు.

"అమ్మమ్మా, మీ గాజుల విషయంలో నా వల్ల తప్పు జరిగింది," అంది పిచ్చుక.