ఖాళీ పిడికిలి

జనం ముక్కున వేలేసుకునే విద్య ఏదైనా, దగ్గరికెళ్ళి చూస్తే వంటింటి పని లాంటిదే. ఈ అక్కాచెల్లెళ్ళ విద్యా అంతే. అక్క కళ్ళకు నల్లటి గంతలు కట్టుకుని వేదిక మీద కుర్చీలో కూర్చుంటుంది. చెల్లెలు జనం మధ్యకు దిగి, ఎవరో ఒకరి వస్తువు చేతిలోకి తీసుకుని అదేమిటో చెప్పమంటుంది. అక్క చెప్పేస్తుంది. ఈవిడ మన మనసులు కూడా చదివేస్తుందేమోనని జనం కాస్త సర్దుకుని కూర్చుంటారు.

అసలు గుట్టంతా చెల్లెలు అడిగే తీరులో ఉంది. "ఇప్పుడు చెప్పు" అంటే తాళంచెవి. "నిదానంగా ఆలోచించు" అంటే కళ్ళద్దాలు. గడియారానికొకటి, దువ్వెనకొకటి, అలా ఎన్నో. చిన్నప్పుడు ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కింద గుసగుసలాడుతూ కట్టుకున్న భాష అది. ఏళ్ళ తరబడి వాళ్ళతో తిరుగుతున్న లైటు బాబాయికి కూడా తెలియదు. తెలుసుకోవాలనీ ఆయనకు లేదు. తెలిస్తే ఆట చూడబుద్ధి కాదంటాడు.

ఆ మధ్య అక్కకు చూపు మసకబారితే చెల్లెలే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు అక్కను బయట కూర్చోబెట్టి, కంటి నరం ఎండిపోతోందని, ఏడాది తిరిగేలోపు చూపు పూర్తిగా పోతుందని, దానికి మందు లేదని చెల్లెలితో చెప్పాడు. చెల్లెలు బయటికొచ్చి, చుక్కలు వేసుకుంటే తగ్గిపోతుందన్నాడని చెప్పింది. అక్క తట్టుకోలేదని దాచానని తనకు తాను నచ్చచెప్పుకుంది.

అందులో సగమే నిజం. ఆమెకు ఈ ఆట మీద, ఈ ఊళ్ళ తిరుగుడు మీద ఎప్పుడో విరక్తి పుట్టింది. ఎవరూ తేరిపార చూడని ఒక చిన్న గదిలో, కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, తన మానాన తను బతకాలని ఆశ. డాక్టరు మాట పైకి వచ్చిందంటే ఇక ఆ గది లేనట్టే. గుడ్డి అక్కను వదిలి ఏ చెల్లెలు వెళుతుంది? మాట కడుపులో ఉన్నంతకాలం వెళ్ళే దారి తెరిచే ఉంటుంది. ఆమె చెడ్డ మనిషి కాదు, అలిసిపోయింది. అలిసిపోయిన మనిషి ఎంత పనైనా చేస్తుంది.

ఒకనాటి ఆటలో ఆమె చేతిలో తాళంచెవి ఉంది. మనసు ఎక్కడో ఉండి, "నిదానంగా ఆలోచించు" అనేసింది. అని నాలుక కరుచుకుంది. అక్క కళ్ళద్దాలంటుంది, పరువు పోతుంది అనుకుంది.

అక్క తాళంచెవి అంది.

చప్పట్లు మోగాయి. చెల్లెలికి మాత్రం ఒళ్ళు జలదరించింది. గుడ్డిగా వేసిన రాయి తగిలిందిలే అని సరిపెట్టుకుంది కానీ, అనుమానం ఒకసారి పుడితే ఊరుకుంటుందా? మర్నాడు కావాలనే తప్పు మాటలు అడిగింది. అక్క ఒక్కటీ తప్పలేదు. చివరికి ముందు వరసలోని ఒకావిడ రుమాలు మడతలోంచి ఏదో తీసి చెల్లెలి అరచేతిలో పెట్టింది. చూస్తే పాలపన్ను. అక్కాచెల్లెళ్ళ భాషలో దానికి మాటే లేదు. చెల్లెలు మళ్ళీ కళ్ళద్దాల మాటే అడిగింది.

"పసిపిల్ల పన్ను," అంది అక్క. రుమాలావిడ భోరున ఏడ్చింది.

ఆట అయ్యాక, ఎలా చెప్పావని చెల్లెలు నిలదీసింది. నువ్వు చెప్పావు కాబట్టే అని అక్క.

"నేను కళ్ళద్దాలన్నాను కదే."

"నాకు పన్ను అనే వినిపించింది మరి."

అప్పటి నుంచి చెల్లెలికి ముద్ద దిగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆమె పని. అక్క దగ్గినా ఉలిక్కిపడేది. డాక్టరు మాట గుర్తు రాకూడదని లోపల పాత పాటలు పాడుకునేది. వద్దనుకున్న కొద్దీ అదే వచ్చి కూర్చునేది. అక్క అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపి, పక్క గదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు చెవి రిక్కించేది.

ఇలా నలిగిపోవడం కన్నా తేల్చుకోవడమే మేలనిపించింది. ఆ సాయంత్రం జనం మధ్య నిలబడి, ఎవరి వస్తువూ తీసుకోకుండా ఖాళీ పిడికిలి పైకెత్తింది. నోరు విప్పలేదు.

"ఏమీ లేదు," అంది అక్క. ఆగి, అదే గొంతుతో అంది: "వెళ్ళిపోయేవాళ్ళ చేతిలో ఏముంటుంది? నన్ను చీకట్లో వదిలేసి పోతావుటే?"

చప్పట్లతో పైకప్పు ఎగిరిపోయేలా ఉంది. చెల్లెలు తల ఎత్తలేకపోయింది. ఇంతమందిలో పరువు తీసిందే అని సిగ్గుతో, కోపంతో వేదిక వెనక్కి నడిచింది. అక్కను మేకప్ గదిలో కూర్చోబెట్టి వస్తున్న లైటు బాబాయి ఎదురై, అక్క ఒక్క మాటతో హాలునంతా లేపేసిందని మురిసిపోయాడు.

"ఒక్క మాటేమిటి బాబాయ్? తర్వాత అన్నది వినలేదా?"

"తర్వాత ఏముందమ్మా? 'ఏమీ లేదు' అంది, ఊరుకుంది. అంతే కదా."

చెల్లెలు గోడ పట్టుకుని అక్క ఉన్న గదిలోకి వెళ్ళింది. అక్క అద్దం ముందు కూర్చుని ఉంది. చెల్లెలు గంతలు విప్పింది. అద్దం చుట్టూ ఉన్న దీపాల వెలుగు నేరుగా ముఖాన పడుతున్నా అక్క రెప్ప వాల్చలేదు. ఏడాది గడువు తీరకముందే చూపు పూర్తిగా పోయిందన్నమాట.

"డాక్టరు చెప్పింది నాకు ఆ రోజే తెలుసు," అంది అక్క. "నువ్వు తలుపు తీసుకుని బయటికొస్తుంటేనే వినిపించింది. వెళ్ళవే. నేను ఎలాగో చూసుకుంటాను."

అని పెదవులు మూసుకుంది. ఆ పెదవులు మూసుకునే ఉన్నాయి, చెల్లెలు అద్దంలో చూస్తూనే ఉంది. అయినా అక్క గొంతు చెవి పక్కనే, చిన్నప్పటి దుప్పటి కింది గుసగుసలా వినిపించింది. వెళ్ళకే, వెళ్ళకే, భయమేస్తోందే.

చెల్లెలికి ఏడుపు ముంచుకొచ్చింది. అక్క మీద అంత ప్రేమ తనలో మిగిలి ఉందని ఆమెకే తెలియదు. భుజం మీద చెయ్యి వేసి, "నేనెక్కడికీ వెళ్ళనక్కా," అంది. మాట వణకలేదు, ఎంతైనా వేదికల మీద ఆరితేరిన గొంతు. కానీ ఆ మాట అంటున్నప్పుడే ఎక్కడో ఆమె మనసులో కిటికీ పక్కన కుట్టుమిషను ఒక్కసారి గిర్రున తిరిగింది.

అక్క తల కాస్త పక్కకు వంచి వింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి చెవులు మూసుకుంది.