బయటి గడియ

ఆ ఆడపిల్లల బడికి యాభై ఏళ్ళు నిండబోతున్నాయి. బడి చరిత్ర రాసే పని సోషల్ టీచరుకు అప్పజెప్పారు. ఆమె కూతురు పరీక్షల ముందు స్నేహితురాళ్ళతో కలిసి చదువుకుంటానని పోరుపెట్టి అక్కడి హాస్టల్లో చేరింది. అక్కడే పోయింది.

పెద్దమ్మగారు అద్దె గదుల్లో బడి పెట్టిన నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. సాయంత్రం చదువు గంట కొట్టగానే హాస్టల్ గదులకు బయటినుంచి గడియ పెడతారు. భోజనాల గంటకు తీస్తారు. ఆ గడియలు చూసే తల్లిదండ్రులు ధీమాగా పిల్లల్ని చేర్పించేవారు. ఒక సాయంత్రం చివరి గదిలో కరెంటు వైరు అంటుకుంది. గడియ తీసేసరికి లోపల ఎవరూ దగ్గడం లేదు.

టీచరు అదంతా ఉన్నదున్నట్టు రాసింది. పెద్దమ్మగారి కొడుకు, ఇప్పటి కరస్పాండెంటు, చదివి కళ్ళజోడు తీశాడు.

"చరిత్ర రాయమంటే పంచనామా రాశారేంటండీ?"

"జరిగిందే రాశాను సార్."

"మీ కడుపుకోత నాకు తెలీదా? కానీ ఆ పేజీ వద్దు."

"అది తీసేస్తే మా అమ్మాయి ఈ బడిలో చదివినట్టే ఉండదు సార్."

ఆయన ఫ్యాను వైపు చూశాడు.

కూతురు పోయాక ఆమె హాస్టల్ వైపు అడుగు పెట్టలేదు. గడియలు ఊడదీయించే ఉంటారనుకుంది. ఆ మాట కూడా రాస్తే ఆయన మనసు మెత్తబడుతుందేమోనని, చూసి రావడానికి వెళ్ళింది. అప్పుడే గంట కొట్టారు. గొంతు పెద్దదని పిల్లలు సైరనమ్మ అని పిలిచే ఆయా ఒక్కో తలుపుకూ గడియ పెట్టుకుంటూ వస్తోంది.

"ఇంకా పెడుతున్నావా?"

"పెట్టకపోతే సారు నన్నే బయట పెడతారమ్మా," అంది ఆయా, తల దించుకుని.

టీచరు తిరిగి కరస్పాండెంటు గదికి వెళ్ళింది. "పేజీ తీసేస్తాను సార్. గడియలు తీయించండి."

"అంతేనా?" ఆయన ముఖం విప్పారింది. "దానికేం భాగ్యం!"

"ముందు గడియలు."

మర్నాడు వడ్రంగి ఆఖరి మేకు పీకేదాకా ఆమె వరండాలోనే నిలబడింది. తర్వాత ఆ పేజీ చింపింది. దాని బదులు, ఆ ఏడు హాస్టల్‌కు కొత్త రంగులు వేశారని రాసింది.

"ఇప్పుడు చక్కగా కుదిరింది," అన్నాడు కరస్పాండెంటు.

ఆ సాయంత్రం గంట కొట్టగానే అలవాటు చొప్పున సైరనమ్మ చెయ్యి చివరి గది తలుపు తడిమింది. మేకుల బెజ్జాలు తగిలాయి. లోపలినుంచి ఒక పిల్ల తలుపు తీసింది.

"ఏంటి సైరనమ్మా, ఏం కావాలి?"

"ఏం లేదులే, చదువుకో."

తలుపు మళ్ళీ మూసుకుంది. టీచరు లోపలి అలికిడి వింటూ మెట్ల మీద కూర్చుంది.