ఒక్క వరుస వాంగ్మూలం

పుల్లమ్మకు సంతకు సరిపడా తెలుగే వచ్చు. ఉప్పు, ఎంత, ఇయ్యి, వద్దు. మిగతా తెలుగంతా మొగుడు పోతయ్యదే. ఫారెస్టువాళ్లు వచ్చినా, దవాఖానాకు పోయినా ఆయనే మాట్లాడేవాడు, ఆమె పక్కన నిలబడేది. 2008 ఎండాకాలంలో పోతయ్య జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. గుడిసెలో కోయమాట కూడా వినబడకుండా పోయింది.

పోడు భూములకు పట్టాలిస్తారని ఆ యేడే విచారణ కాగితం వచ్చింది. అది తెలుగులో ఉంటే పక్కూరి దస్రు చదివి చెప్పాడు. తోడొస్తానన్నాడు గానీ ఆ రోజు కూలిపని తగిలి రాలేదు. పుల్లమ్మ ఒక్కతే నడిచి చర్ల మండలాఫీసు చేరింది.

"నీ పోడు హద్దులు చెప్పమ్మా," అన్నాడు గుమాస్తా రవీందర్.

హద్దులన్న మాట పోతయ్య నోట విన్నదే. ఆమె కోయలో మొదలుపెట్టింది. తూర్పున వాగు. వాగొడ్డున పిడుగుపడి చీలిన ఇప్పచెట్టు. దక్షిణాన చనిపోయిన మామ గుర్తుగా నిలిపిన రాయి. ఏ మొద్దు తనూ పోతయ్యా కలిసి తవ్వారో, ఏ యేడు జొన్న బాగా పండిందో, అన్నీ చెప్పింది. నెలల తర్వాత అంతసేపు మాట్లాడింది. అందరూ ఆమె నోటివంకే చూశారు గానీ ఒక్కరూ తల ఊపలేదు.

"కోయల చెప్తుంది సార్. ఏం అర్థమైతలేదు," అన్నాడు రవీందర్.

"రికార్డు తెలుగులనే ఉండాలె. సమాధానం చెప్పలేదని రాయి," అన్నాడు ఆఫీసరు.

రవీందర్ రాసి, వేలిముద్రకు సిరా ప్యాడు జరిపాడు. పుల్లమ్మకు చదవడం రాదు. కానీ తను అంతసేపు చెప్పిందానికి కాగితం మీద ఒక్క వరుసే ఉందని కనబడుతూనే ఉంది. ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది.

"వద్దు," అంది.

ఎన్నిసార్లడిగినా అదే మాట. చివరికి ఆఫీసరు విసుక్కుని, వచ్చే నెల తెలుగొచ్చిన మనిషిని తోలుకురమ్మన్నాడు. ఆమెకు పొమ్మనే చేతిసైగ ఒక్కటే అర్థమైంది.

మరుసటి నెల మళ్లీ కాగితం వస్తే దస్రు చదివి, ఈసారి తోడొచ్చాడు. ఆమె చెబుతుంటే తెలుగులో చెప్పాడు. ఈసారి పేజీ నిండింది. వేలిముద్ర వేసింది. బయటికొచ్చాక, మొద్దుల సంగతి, జొన్నల సంగతి రాయించావా అని అడిగింది.

"ఆళ్లు హద్దులే అడిగిండ్రు. గవన్నీ ఎందుకక్కా," అన్నాడు దస్రు కోయలో.

ఏడాదికి పట్టా వచ్చింది. దస్రే చదివాడు. వాగుంది, ఇప్పచెట్టుంది, రాయుంది. పోతయ్య పేరుందా అని అడిగింది.

"ఉంది. భర్త లేటు పోతయ్య అని."

ఆ ముక్క మళ్లీ చదవమంది. దస్రు చదివి, పనుందని వెళ్లిపోయాడు. పుల్లమ్మ ఆ మూడు మాటలూ అతను పలికినట్టే పలకబోయింది. మధ్యలో 'లేటు'కు నోరు తిరగక, ఒక్క పేరే మళ్లీ మళ్లీ అనుకుంటూ కూర్చుంది.