గవర్రాజు గారి గట్టి దిండు

నేను ఒక దిండును. బూరుగు దూదితో పుట్టాను. సంతలో నన్ను కుట్టినాయన రెండు చేతులా తట్టి, "వెన్నపూసండీ బాబూ!" అంటూ అమ్మాడు. ఆ మాట నిజమే. నన్ను కొన్న గవర్రాజు దాన్ని అబద్ధం చేశాడు.

గవర్రాజు కోనసీమలో కొబ్బరికాయల వ్యాపారి. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. డబ్బు బ్యాంకులో వేస్తే పదిమందికీ తెలుస్తుందని, తెలిస్తే అప్పులడుగుతారని ఆయన భయం. అందుకని తలుపు మూసుకుని, నా కుడి కొస విప్పి, కాస్త దూది తీసి, నోట్లు కుక్కి, నల్లదారంతో కుట్టేసేవాడు. రానురాను నేను బిర్రబిగుసుకుపోయాను. ఆయనకు మెడ పట్టేసేది. ఆ నొప్పి ఉంటేనే నిద్ర పట్టేది.

ఇంట్లో రెండో దిండు లేదు. ఆయన భార్య వీరమణి తల కింద చెయ్యి పెట్టుకుని పడుకునేది. ఒకసారి ఉతకడానికి నా గలీబు తీసి, లోపల గరగరలాడుతుంటే ఎడమ కొస విప్పి చూసింది. లోపలంతా నోట్లే. ఒక్క నోటైనా తీయకుండా, తన రవికలకు అతుకులు వేసుకునే ఎర్రదారంతో కుట్టేసింది. ఎవరితోనూ అనలేదు.

కొన్నాళ్ళకు ఆమెకు గుండెజబ్బు వచ్చింది.

"కాకినాడ తీసుకెళ్దాం బావా. ఆపరేషను చేయిస్తే అక్క బతుకుద్దంట," అన్నాడు ఆమె తమ్ముడు సూరన్న.

"నా దగ్గరంత డబ్బెక్కడిదిరా? ఉంటే దాచుకుంటానా?" అన్నాడు గవర్రాజు.

ఆయాసం ఎక్కువైంది. తల ఎత్తుగా ఉంచమన్నాడు డాక్టరు. సూరన్న నన్ను లాగి అక్క తల కింద పెట్టాడు. నలుగురి ముందు గవర్రాజు కాదనలేకపోయాడు. అది మొదలు ఆయన ఆ మంచం పక్క వదిలితే ఒట్టు. పెళ్ళామంటే ఎంత ప్రాణమో అనుకున్నారు ఇరుగుపొరుగు.

ఒక మధ్యాహ్నం వీరమణి ఆయన కళ్ళలోకి చూసింది.

"ఈ దిండు మరీ గట్టిగా ఉందండీ. కాస్త తీసి మెత్తన చెయ్యరా?"

ఆమె ఏమడుగుతోందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

"పడుకో. అలవాటైపోద్దిలే," అన్నాడాయన.

ఆ వారం దాటకుండానే ఆమె పోయింది.

పోయినవాళ్ళ చాపా దిండూ ఆ ఊళ్ళో ఇంట ఉంచరు. పాడె వెంట పంపి శ్మశానం కంచె పక్కన పారేస్తారు. సూరన్న నన్ను తీయబోతే గవర్రాజు రెండు చేతులా వాటేసుకున్నాడు.

"దిండొద్దురా! దిండుంచరా!"

"ఊరుకో బావా, అక్క మళ్ళీ రాదు," అని సూరన్న ఏడుస్తూ ఆయన వేళ్ళు విడదీశాడు.

నాలో ఏముందో ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ లేదన్న నోటితో, ఆ సూరన్న ముఖం చూస్తూ, ఉందని ఎలా చెబుతాడు? వదిలేశాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఒక్కడే వచ్చి నా గలీబు చింపాడు. కంగారులో ఎడమ కొస చేతికొచ్చింది. ఎర్రదారం కుట్లు కనిపించాయి, వీరమణి రవికల మీది కుట్లే.

"నీకు తెలుసా వీరమణీ? తెలిసే అడిగావటే?" అని నన్ను పట్టుకుని గొల్లుమన్నాడు. ఆ ఏడుపు మాత్రం డబ్బు కోసం కాదు.

నోట్లు అక్కడే వదిలేసి వెళ్ళాడంటే మీకు బాగుంటుంది. వదల్లేదు. ఏడుస్తూనే అన్నీ తువ్వాల్లో మూటగట్టుకున్నాడు.

మిగిలిన దూదితో నేనీ కంచె పక్కనే పడి ఉన్నాను. పిచ్చుకలు వచ్చి కాస్త కాస్త పట్టుకుపోతున్నాయి. అవి దాచుకోవు, పిల్లల కింద పరుస్తాయి. ఇన్నాళ్ళకు నేను మళ్ళీ మెత్తగా ఉన్నాను. ఈ మెత్తదనం ఆ తల్లి వీరమణి తలకు ఒక్క పూటైనా దక్కలేదు.