రానివాళ్ళ లెక్క

టిఫిన్ డబ్బా మూతకి ఉండే రబ్బరు చుట్టు కింద మెతుకు ఇరుక్కుంటే గోటితో రాదు, పిన్నీసు కావాలి. ఆమె సింకు దగ్గర నిలబడి పాప డబ్బా మూతని అలా పిన్నీసుతో గోకుతుంటే, అన్నయ్య వచ్చి తాగేసిన కాఫీ గ్లాసు సింకులో ఆమె చేతుల మధ్యలో పెట్టి అన్నాడు:

"ఇవాళేదో ఉపన్యాసం ఇస్తున్నావటగా! ఏం చెప్తావేంటి?"

"కొత్తగా చేరినవాళ్ళకన్నయ్యా. పెద్ద నగరంలో స్టూడెంట్ లైఫ్‌ని ఎలా ఉపయోగించుకోవాలో చెప్పమన్నారు."

"బాగా చెప్పు. ఆ రోజులు మళ్ళీ రావు. తిరగాలి, చూడాలి, నలుగురితో పరిచయాలు పెంచుకోవాలి. ఇంట్లో కూర్చుంటే ఏమొస్తుంది?" అని, వేసుకున్న చొక్కా మీద కాఫీ చుక్క చూసుకుని, "ఇంకో చొక్కా ఇస్త్రీ చేసుందా?" అన్నాడు.

ఉంది. రాత్రే చేసి తలుపు వెనక తగిలించింది. ఆ మాటే చెప్పి, మూత కడిగి బోర్లించింది. ఇంట్లో కూర్చుంటే ఏమొస్తుంది! వెటకారంగా అని ఉంటే తనూ ఒక మాట అని ఉండేది. అన్నయ్యకి వెటకారం తెలీదు. నిజంగానే చెల్లెలికి మంచి సలహా ఇచ్చాననుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగిపోయాడు.

"ఇవాళ నాది సాయంత్రం డ్యూటీ," గదిలోంచి వదిన కేకేసింది. "నీ మీటింగ్ అవ్వగానే పాపని తీసుకొచ్చెయ్, తల్లీ! నిన్న నువ్వు రాలేదని నేను పరిగెత్తుకెళ్ళేసరికి, అందరూ వెళ్ళిపోయి అదొక్కతే మిగిలిందని వాళ్ళ ఆయా నా వంక చూసిన చూపు చూడాలి నువ్వు."

నిన్న ఆలస్యమైంది ఆమెకి. చూపు పడింది వదిన మీద. పాప నాన్న వంక మాత్రం ఏ ఆయా ఏనాడూ అలా చూడలేదు, ఎందుకంటే ఆ బడి గుమ్మంలో ఆయన్ని చూసినవాళ్ళే లేరు. ఆయన ఆఫీసు బడి వెనక వీధిలోనే. బడి గంట కొడితే వాళ్ళ కిటికీలోకి వినిపిస్తుందని ఒకసారి తనే చెప్పాడు, నవ్వుతూ. ఆమె కాలేజీ నుంచి మాత్రం రెండు బస్సులు మారి రావాలి.

వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. అన్నయ్య డిప్లొమాతో ఆగిపోయి ఉద్యోగంలో చేరాడు. ఆమెకి పైచదువుకి నగరంలో సీటు, దాంతోపాటు స్కాలర్‌షిప్పూ వచ్చినప్పుడు, అమ్మ చుట్టుపక్కల నాలుగిళ్ళకీ వినపడేలా చెప్పింది: "నీ అదృష్టం చూడు! సొంత అన్నయ్య ఇల్లుంది అక్కడ. నాకిక దిగుల్లేదు." ఆమె కూడా అదృష్టమనే అనుకుంది. చదవబోయేది నగర ప్రణాళిక. వీధులు ఎవరి కోసం వెయ్యాలి, బస్టాపు ఎక్కడ పెట్టాలి, పార్కులో బెంచీ ఎటు తిప్పి వేస్తే ఎవరొచ్చి కూర్చుంటారు, ఇవీ పాఠాలు. ఊరే పుస్తకం అన్నారు మొదటిరోజు క్లాసులో. ఆ పుస్తకంలో ఆమె తెరిచిన పేజీలు ఏవంటే ఇంటి నుంచి కాలేజీ, కాలేజీ నుంచి బడి, బడి నుంచి కూరగాయల కొట్టు, కొట్టు నుంచి మళ్ళీ ఇల్లు.

ఆఖరి గంట కొట్టేసరికి సంచీ భుజాన వేసుకుని సిద్ధంగా ఉంటుందని క్లాసులో ఆమెకి గంటమ్మ అని పేరు పెట్టారు. "గంటమ్మ లేచిందిరోయ్, టైమైంది" అని నవ్వేవాళ్ళు. మొదట్లో ఆమె కూడా నవ్వింది. ఆమెకి పెళ్ళయి ఒక కూతురుందని సగం క్లాసు నమ్మిందని తర్వాత తెలిసింది. కాదని చెప్పడానికి నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. కాదంటే మరి ఎందుకు పరిగెడుతున్నావని అడుగుతారు. పెళ్ళి కాకుండానే సంసారం చేస్తున్నానని ఎలా చెప్పడం?

అసలు గొడవంతా గ్రూపు సర్వేలతో మొదలైంది. ఊళ్ళో ఏ చోటుని సాయంత్రంపూట ఎవరు వాడుకుంటున్నారో చూసి, లెక్కపెట్టి, రాయాలి. సాయంత్రాలు ఆమెవి కావు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడుతుంటే గ్రూపు లీడరు పెద్దమనసు చేసుకున్నాడు: "మాకు తిరగడం వచ్చు, నీకు రాయడం వచ్చు. మేం చూసొస్తాం, నువ్వు రాసెయ్. సరిపోయిందిగా, గంటమ్మా!" సరిపోయింది. వాళ్ళు నది ఒడ్డు మెట్ల మీద కూర్చుని, అంకెలు రాసుకుని, ఫోటోలు తీసి, మొక్కజొన్న పొత్తులు తింటూ మాట్లాడుకున్న మాటలు రికార్డు చేసి పంపేవాళ్ళు. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఒక చేత్తో కూర కలుపుతూ ఆ మాటలు వినేది. మధ్యలో పాప హోంవర్కు. పాప పడుకున్నాక బల్ల తుడిచి, ఆ బల్ల మీదే కూర్చుని రాసేది. నీళ్ళ మీద వెలుగు ఎలా తగ్గుతుందో రాసింది. కింది మెట్ల మీద ఎవరు కూర్చుంటారో, పైన ఎవరో, చీకటి పడుతుంటే ఆడవాళ్ళు ముందు గుంపులుగా, తర్వాత ఒక్కొక్కరుగా ఎలా లేచి వెళ్ళిపోతారో, అంతా రాసింది. కారణం దగ్గర 'ఇంటిపనులు' అని రాసి, లేచి స్టవ్ మీద పొంగుతున్న పాలు దింపింది.

ఆ రిపోర్టుకి డిపార్ట్‌మెంట్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. హెడ్ మేడమ్ పిలిచి, "ఊరిని ఇంత దగ్గరగా చూసినవాళ్ళు లేరమ్మా. కొత్త పిల్లలకి నువ్వే చెప్పాలి" అంది. ఆమె తలూపింది. పెద్దవాళ్ళు మెచ్చుకుంటుంటే మధ్యలో అడ్డుపడ్డం ఆమెకి చిన్నప్పట్నుంచీ అలవాటు లేదు.

ఇక మిగిలింది ఒక్క సంవత్సరం. ఈసారి థీసిస్ ఎవరిది వాళ్ళే తిరిగి రాయాలి, అద్దెకి తెచ్చుకున్న కళ్ళు పనికిరావు. అదృష్టం బావుండి చివరి ఏడాది వాళ్ళకి హాస్టల్లో గదులు ఖాళీ అయ్యాయి, స్కాలర్‌షిప్పులోనే సరిపోతుంది. అవునో కాదో ఇవాళ సాయంత్రంలోగా వార్డెన్‌కి చెప్పాలి. పోయిన ఆదివారం భోజనాల దగ్గర ఆమె ఆ మాట ఎత్తింది.

"హాస్టలేంటి, ఇల్లుండగా?" అన్నయ్య కంచంలోంచి తలెత్తాడు. "చెల్లెల్ని గెంటేశాడంటారు. రేపు నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? అయినా ఇక్కడ నీకేం తక్కువైంది?"

సాయంత్రాలు, అందామనుకుంది. తిండి తక్కువైందంటే అర్థమవుతుంది, గది ఇరుకైందన్నా అర్థమవుతుంది. సాయంత్రాలు తక్కువయ్యాయని ఎవరైనా ఫిర్యాదు చేస్తారా? ఆమె మాట వెతుక్కునే లోపల అన్నయ్య మజ్జిగ అడిగాడు. ఆమె లేచి తెచ్చింది. సంగతి అక్కడితో తేలిపోయినట్టే అయింది.

తర్వాత గిన్నెల దగ్గర వదిన, గొంతు తగ్గించి, "నీ మీద కోపం కాదు," అంది. "నువ్వెళ్ళిపోతే నేను ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం మానెయ్యాలి, అంతే. మీ అన్నయ్యతో చెప్పి చూశాను ఇదివరకు. చెప్పినంతసేపూ బుద్ధిగా తలూపుతారు. మర్నాడు షటిల్ బ్యాట్ పట్టుకుని వెళ్ళిపోతారు. ఆఫీసు ఒత్తిడి తగ్గాలట!"

వదిన మీద కోపం తెచ్చుకుందామంటే రాదు. ఆస్పత్రిలో రోజంతా నిలబడి వచ్చి, మళ్ళీ గిన్నెల దగ్గర నిలబడే మనిషి మీద ఏమని కోపం తెచ్చుకుంటుంది? అన్నయ్య మీద తెచ్చుకుందామంటే, అరవడు, తిట్టడు, చదువు మానెయ్యమనడు, అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు. కోపం ఆ ఇంట్లో వాలడానికి చోటు దొరక్క ఆమె లోపలే తిరిగేది. ఆ రాత్రి బల్ల తుడుస్తూ ఒక్కటి మాత్రం అర్థం చేసుకుంది. వదిన ఉద్యోగాన్ని నిలబెడుతున్నవి తన సాయంత్రాలు. అన్నయ్య సాయంత్రాలు ఎవరినీ నిలబెట్టక్కర్లేదు, అవి అన్నయ్యవే. అయినా సరే, వార్డెన్‌తో 'వద్దులెండి మేడమ్' అనడానికి మాటలు కూర్చుకుంది. మంచి ఆడపిల్ల కదా.

ఇవాళ మధ్యాహ్నం కాలేజీ హాలు నిండిపోయింది. ఆమె పేపర్లు సర్దుకుని మొదలుపెట్టింది. లైబ్రరీ పొద్దుపోయేదాకా తెరిచే ఉంటుందంది. ఆదివారం పాత పుస్తకాల బజారు గురించి చెప్పింది. ఒక్కరే నడవడం అలవాటు చేసుకోమంది. నది మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు బాగా కుదురుకుంది. వెలుగు గురించి చెబుతుంటే పిల్లలు కదలకుండా విన్నారు. వెనక వరసలో గ్రూపు లీడరు చేతులు కట్టుకుని చిరునవ్వు నవ్వుతున్నాడు.

అయిపోయాక ముందు వరసలో సంచీ ఒళ్ళో పెట్టుకున్న ఒక సన్నటి అమ్మాయి చెయ్యెత్తింది.

"అక్కా, ఆ మెట్ల దగ్గరికి ఏ బస్సెక్కాలి?"

అంత చిన్న ప్రశ్న. రికార్డింగుల్లో ఎవరూ బస్సు గురించి మాట్లాడుకోలేదు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కానీ, ఈ పిల్ల ఆ బస్సెక్కి ఎక్కడికో పోయి దిగుతుందేమోనని భయమేసింది.

"నాకు తెలీదమ్మా," అంది. "నేనెప్పుడూ వెళ్ళలేదు."

హాలు ఘొల్లుమంది. జోకు అనుకున్నారు. హెడ్ మేడమ్ కూడా నవ్వబోయింది.

"జోకు కాదు. నేను రాశానంతే, చూసింది వేరేవాళ్ళు. ఆ రిపోర్టులో తప్పు కూడా ఉంది. చీకటి పడగానే ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోతారని రాశాను. లేచి వెళ్ళాలంటే ముందు వచ్చి కూర్చోవాలి కదా! అసలు రానివాళ్ళని మేం లెక్కపెట్టలేదు. వాళ్ళు ఆ టైముకి..." స్టవ్ దగ్గర, అందామనుకుంది. ఈలోగా హెడ్ మేడమ్ మైకు అందుకుంది. "సరే, టైమవుతోంది. చప్పట్లు కొట్టండమ్మా."

వరండాలో మేడమ్ పట్టుకుంది. "అంతమందిలో చెప్పాల్సిన మాటేనా అది? ఇప్పుడు ఆ మార్కులు నన్నేం చెయ్యమంటావు?" కాస్త మెత్తబడి, "పోనీలే. థీసిస్‌కి లైబ్రరీలో కూర్చుని రాసే టాపిక్ ఏదన్నా తీసుకో. నీకు వీలుగా ఉంటుంది."

గ్రూపు లీడరు పక్కనుంచి వెళ్తూ, "పరువు తీశావు కదా, గంటమ్మా!" అన్నాడు.

వీలుగా! ఆమె గోడకానుకుని నిలబడింది. ఎవరి వీలు? రెండు బస్సులు మారడం ఆమెకి వీలు. ఒక చేత్తో కూర, ఒక చేత్తో ఊరు, అదీ వీలే. ఇంట్లో, క్లాసులో, గ్రూపులో అందరూ ఆమె వీలు గురించే ఆలోచించారు పాపం. అందరి ఆలోచనలూ తిరిగి తిరిగి ఆమెని తీసుకొచ్చి అదే బల్ల దగ్గర కూర్చోబెడుతున్నాయి.

"అక్కా, కోపమొచ్చిందా?" ఆ సన్నటి అమ్మాయి. "నేనడక్కుండా ఉండాల్సింది."

"లేదమ్మా. నువ్వు హాస్టల్లోనా?"

"ఉహూఁ, మా పెద్దమ్మ వాళ్ళ అబ్బాయింట్లో. వాళ్ళకి కవలపిల్లలు. ఎంత ముద్దుగా ఉంటారో!" ఆ పిల్ల మొహం వెలిగింది. "హాస్టలైతే అమ్మ పంపేది కాదు. నీ అదృష్టమే అంది." టైము చూసుకుని సంచీ భుజాన వేసుకుంది. "వెళ్ళాలక్కా. వదినకి పిల్లలతో కుదరదు, పాపం." మెట్ల మీంచి దాదాపు పరిగెత్తుకుంటూ దిగింది.

ఆమె ఆ పరుగునే చూస్తూ నిలబడింది. తన పరుగు బయటినుంచి ఎలా ఉంటుందో అంతవరకూ ఆమెకి తెలీదు. ఆ పిల్లకి ఏమీ చెప్పలేకపోయింది. నేను కూడా అంతే, అని చెప్తే ఏం లాభం? చెప్పడానికి తన దగ్గర ఇంకేదైనా ఉండాలి.

హాస్టల్ ఆఫీసులో వార్డెన్ కళ్ళజోడు పైకి తోసుకుంది. "అవునా, కాదా?"

ఆదివారం నుంచీ కూర్చుకున్న 'వద్దులెండి' గొంతులో ఉంది. ఆమె దాన్ని మింగేసి, "అవును మేడమ్," అంది. వార్డెన్ చూపించిన చోట సంతకం పెట్టింది.

బయటికొచ్చి ముందు వదినకి ఫోన్ చేసింది. చెప్పింది. వెనకాల ల్యాబులో సీసాల చప్పుడు వినిపించింది. "మంచి పని చేశావు," అంది చివరికి వదిన. ఆ గొంతులో ఏడుపుందో కోపముందో తెలీలేదు. "అయితే మీ అన్నయ్యకి నువ్వే చెప్పు. నేను చెప్తే వినపడదు."

ఆఫీసు అప్పటికే అయిపోయినట్టుంది, అన్నయ్య ఫోనెత్తేసరికి షటిల్ కోర్టులో అరుపులు వినిపిస్తున్నాయి. ఆమె ఉపోద్ఘాతం ఏమీ లేకుండా చెప్పేసింది. హాస్టల్ గది తీసుకున్నాననీ, సామాను ఆదివారం తీసుకెళ్తాననీ, ఇవాళ మాత్రం పని మీద నది మెట్ల దగ్గరికి వెళ్తున్నాననీ.

"నీకు మతిగానీ పోయిందా? ఇంటికి రా, మాట్లాడదాం." అరుపుల్లోంచి పక్కకి జరిగినట్టున్నాడు, గొంతు దగ్గరైంది. "సర్లే, అదంతా తర్వాత. ముందు పాప సంగతి చెప్పు. ఇంకాసేపట్లో బడి వదిలేస్తారు. ఎవరు తీసుకొస్తారు దాన్ని?"

"వాళ్ళ నాన్న తీసుకొస్తాడన్నయ్యా."

అవతల షటిల్ బ్యాట్ల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. అన్నయ్య కాసేపు ఆలోచించాడు.

"ఎవరు?" అన్నాడు.