పట్టాభిషేకం నాటి బల్లగుడ్డ

నాకు రాత చేతికొచ్చింది ముసలితనంలో. తప్పులుంటే, ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకూ మన్నించండి.

రాజుగారి పట్టాభిషేక విందుకు కోటలో బల్లగుడ్డలు చాల్లేదు. తిరిగిస్తామని చెప్పి, బట్టలుతికే ఎమోట ఇంటినుంచి కూడా ఒకటి పట్టుకెళ్ళారు. ఆమె మొగుడు పోయేముందు మగ్గం మీద నేసిన ఆఖరి గుడ్డ అది. తాను పోయాక తన మీద కప్పాలని ఎమోట దాచుకుంది.

విందు ముగిశాక ఆమె వెళ్ళేసరికి హామో ప్రభువు మనుషులు గుడ్డలన్నీ బండికెత్తుతున్నారు. 'రాజుగారి బల్లగుడ్డల ప్రభువు' అన్నది ఆయన బిరుదు. ఆయన ముత్తాత ఒకనాడు నిజంగానే ఒక రాజుకు గుడ్డలు పరిచాడు. అప్పటినుంచి ఆ బిరుదూ, పట్టాభిషేకం నాడు బల్లల మీద పరిచినవన్నీ పట్టుకుపోయే హక్కూ ఆ వంశానివే.

"అది నాది దొరా. అరువిచ్చాను."

"బల్ల మీదికెక్కాక నాదేనే ముసలీ. ఆచారం!"

"మీ ముత్తాత పరిచాడు, తీసుకున్నాడు. తమరు దానికి మూతి తుడుచుకోవడం తప్ప ఏం చేశారు?"

బండివాడు కిసుక్కున నవ్వాడు. హామో మొహం కందగడ్డయింది. "లాగెయ్యండిరా!"

ఇద్దరు భటులు అటు లాగారు. ఎమోట ఇటు పట్టు వదల్లేదు. గుడ్డ పర్రున చిరిగి, సగం ఆమె చేతిలో మిగిలింది.

"ఆ పేలికతో ఏం చేసుకుంటావే?"

"మోకాళ్ళదాకా వస్తుంది. కాళ్ళు బయటే ఉండనీ. ఎవరు చింపారే అని దేవుడే అడుగుతాడు. అప్పుడు మీ పేరు బిరుదుతో సహా చెప్తాను."

ఇది రాసింది గున్నోర, అరవై ఏడేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది లండన్ పక్కనున్న సౌత్‌వార్క్‌లో.