జంపఖానా ఎంతదాకా పరచల్ల

పుంగనూరు మునిలక్ష్మికి అరవై ఏండ్లు దాటినాయి. మనవరాలిని ఇంజినీరింగు దాకా చదివించింది, మోకాళ్ల నొప్పులకు మందు కూడా దొరికింది. తీరని ఆశ ఒక్కటే. గంగమ్మ పెట్టె ఒక్క ఏడాదైనా తన ఇంటి నడిమింట్లో ఉండాల.

ఆ పెట్టె సంగతి చెప్పకుంటే మీకు కథ అర్థం కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊర్ల రైతు కుటుంబాలు ఒకరికొకరు పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకున్నవాళ్లు. వాళ్లందరికీ అమ్మవారు ఒకటే, ఆమెకు గుడి లేదు. వేపచెక్క పెట్టెలో వెండి ముఖం ఉంటుంది. పెట్టె ఏ ఊర్లో ఉంటే ఆ ఏడాది పొంగళ్లు ఆ ఊర్లోనే. అది యాడికి పోవాలో పంచాయితీలో జంపఖానా మీద కూర్చున్నవాళ్లు చెప్పాల. తాతల కాలంలో పదిమందికి ఒక మనిషి అనుకుని, మదనపల్లెకు ఐదు చోట్లు, పుంగనూరుకు నాలుగు, కుప్పానికి రెండు ఇచ్చినారు. జంపఖానా కూడా అంతే నేయించినారు. ఇండ్లు పెరిగినాయి, మనుషులు పెరిగినారు, జంపఖానా మాత్రం పెరగలేదు.

పెట్టె ఎప్పుడూ మదనపల్లెలోనే ఉండేది. ఈ ఏడు టమోటా మండీ నాగేంద్ర చేతులెత్తేసినాడు. "అమ్మను పెట్టేదానికి చోటు లేదక్కా, ఇంటినిండా క్రేట్లే" అన్నాడు. ఇంక పుంగనూరన్నా కావాల, కుప్పమన్నా కావాల. రెండు చోట్లున్న కుప్పం నాలుగు చోట్లున్న పుంగనూరును ఏం గెలుస్తుంది? మునిలక్ష్మి నడిమింటికి సున్నం కొట్టించి, ముగ్గు కూడా వేసేసింది.

పంచాయితీ నాగేంద్ర మండీ షెడ్డులో. పొద్దున్నే కుప్పం నుంచి టెంపో దిగింది. ముందు మల్లప్ప దిగినాడు, వరసకు మునిలక్ష్మికి తమ్ముడు, ఐదుగురు కొడుకుల తండ్రి. వెనకాల కొడుకులు, కోడళ్లు, పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు. ఆఖరున ఒక కొత్త జంపఖానా, ఇద్దరు మోసేంత.

"ఏమప్పా, షెడ్డంతా పరిచేస్తావా?" అంది మునిలక్ష్మి.

"పరచల్ల కదక్కా. మీది మూడు డజన్ల మంది, మీకు నాలుగు చోట్లు. మాది నూరు దాటింది, మాకు రెండే. ఇదేం న్యాయం?"

మునిలక్ష్మి ఎగతాళి చేస్తే పోతుందనుకుంది. "నువ్వు ఐదుగురిని కనమని మేం చెప్పినామా? గవర్నమెంటోళ్లు ఒకరో ఇద్దరో చాలంటే ఆపరేషన్ చేయించుకుంటిమి. చెప్పిన మాట విన్నందుకు మా చోటు పోవల్లనా?"

అంగళ్లు ఊరి కాలేజీ నుంచి వచ్చిన మనవరాలు సింధూజ పక్కున నవ్వింది. "ఢిల్లీలో ఇదే తగువు అవ్వా. లోక్‌సభలో చోట్లు డెబ్బైల నాటి లెక్కతోనే ఉండాయి. అప్పుడు ఒక ఎంపీకి పది లక్షల మంది, ఇప్పుడు పాతిక లక్షలు. లెక్క మార్చితే పిల్లల్ని తక్కువ కన్న రాష్ట్రాల మాట తగ్గుతుంది. మార్చకపోతే ఎక్కువమంది ఉండేవాళ్ల మాట తగ్గుతుంది."

"నువ్వు ఎవరి పక్కమ్మా?"

"మల్లప్ప తాత చెప్పేది న్యాయమే అవ్వా."

సొంత మనవరాలే అట్లనేసింది. మునిలక్ష్మి కొంగు సవరించుకుని కూర్చుంది.

కొత్త జంపఖానా పరిచినారు. ముప్పై మందికి పైనే కూర్చున్నారు. ఈ చివర నాగేంద్ర మాట్లాడతా ఉంటే ఆ చివర ఎవురో టమోటా ధర అడగతా ఉండాడు. నడుమ ఇద్దరు క్రికెట్టు మాట్లాడుకుంటాండారు. పుంగనూరు వెంకటేశులు, మునిలక్ష్మి బావగారు, పెద్దాయన, విసుక్కున్నాడు.

"ఇదేం సంతనా? నేను కూర్చున్న చోటి నుంచి మాట్లాడతా. నా మాట ఎవురికి వినపడితే వాళ్లదాకా జంపఖానా, మిగతాది మడిచేయండి."

ఆయన చిన్నగా "కాఫీ ఎవురికి కావల్ల" అన్నాడు. ఇరవై మంది దాకా చేతులెత్తినారు. అక్కడికి మడిచేసినారు. పాతదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. సింధూజ తలల ప్రకారం పంచింది. జనాన్ని బట్టి చోట్లు, ఏ ఊరికీ రెండుకు తగ్గకుండా. కుప్పానికి సగానికి పైనే పోయినాయి. పుంగనూరుకు మూడే మిగిలినాయి.

కుప్పం మగవాళ్లు వరసగా, మీసాలు దువ్వుకుంటా కూర్చున్నారు. మునిలక్ష్మికి సున్నం కొట్టిన నడిమిల్లు కళ్ల ముందర తిరిగింది. షెడ్డు వెనకాల మల్లప్ప కోడళ్లు అందరికీ రాగి సంగటి కెలకతాండారు. తెడ్డు చప్పుడు వినిపించింది. ఆమె తల తిప్పి అటు చూసింది.

"మల్లప్పా, నూరు దాటినాయంటివే, తలకాయలు ఎవురెవురివి లెక్కపెట్టినావు?"

"చంటిబిడ్డతో సహా అందరివీ అక్కా. ఒక్కటి వదల్లేదు."

"కోడండ్లవి కూడానా?"

"వాళ్లు మా ఇంటోళ్లు కాదా?"

"మరి యాడుండారు? లెక్కకైతే తలకాయలు కావల్ల, కూర్చునేదానికి వద్దా?"

 మల్లప్ప సింధూజ వైపు చూసినాడు. ఆ పిల్ల నవ్వు బిగబట్టుకుని, "తాతా, అవ్వ చెప్పేది కూడా న్యాయమే" అంది.

మల్లప్ప మీసం పట్టుకుని, "సరే, సగం మంది లేయండ్రా" అన్నాడు. పెద్ద కోడలు సుప్రజ పిండి చేతులు తుడుచుకుని వచ్చింది. వెనకాలే కృష్ణమ్మ, మిగతావాళ్లు. పిలిచిందే కానీ, వాళ్లేం చేస్తారో మునిలక్ష్మికి తెలీదు. ఎవురి ఇల్లు వాళ్లకు ముద్దే కదా.

వాళ్ల పద్ధతి ఒకటుంది. ఊరికొక తమలపాకు పరుస్తారు, ఒక్కొక్కరూ తమ వక్కను తాము కోరుకున్న ఊరి ఆకు మీద పెట్టాల. కుప్పం మగవాళ్లు తమ ఊరి ఆకు మీద పెట్టినారు. సుప్రజ వక్క పుంగనూరు ఆకు మీద పడింది.

"ఏమ్మే, నీది ఏ ఊరు?" అన్నాడు మామ.

"పుట్టింది పుంగనూరే కదా మామా. పెట్టె ఆడుంటే నాలుగు దినాలు మాయమ్మ కాడ ఉండి వస్తా."

కుప్పం పక్కనే ఉండే రామకుప్పం పిల్ల కృష్ణమ్మ కూడా పుంగనూరే అంది. మల్లప్పకు అర్థం కాలేదు. "నీకు పుంగనూరులో ఎవురుండారు తల్లీ?"

"ఎవురూ లేరు మామా. కుప్పంలో పొంగళ్లు పెడితే మూడూర్లకూ సంగటి కెలికేది మేమే. ఆడైతే కూర్చుని తింటాం."

మిగతా కోడళ్ల వక్కలన్నీ వరసగా ఆ ఆకు మీదికే పోయినాయి. దగ్గరూరని మదనపల్లెవాళ్లూ అటే పెట్టినారు. మల్లప్ప ముందు గడ్డం గోక్కున్నాడు, ఆనక కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వినాడు. నాగేంద్ర తెచ్చి పెట్టిన పెట్టెను ఒంగి తానే ఎత్తి మునిలక్ష్మి చేతుల్లో పెట్టినాడు. "తీసుకోక్కా. జంపఖానా నేను కొంటి, పెట్టె నువ్వు కొట్టేస్తివి."

ఆమె పెట్టెను కొంగుతో తుడిచింది, అది శుభ్రంగానే ఉన్నా.

పొంగళ్ల నాడు పుంగనూరులో సంగటి కెలికింది మల్లప్పా, అతని కొడుకులే. కోడళ్లు పెట్టిన షరతు అది. మొదట ఒకడు తెడ్డు పట్టినాడు, చేతకాక ఇంకొకణ్ణి పిలిచినాడు. చూస్తాండగానే సంగటి గుండిగ చుట్టూ ఏడుగురు చేరినారు. తెడ్లు ఒకదానికొకటి తగలతాండాయి, సంగటి మాత్రం ఉండలు కడతాంది.

సుప్రజ మంచం మీద మునిలక్ష్మి పక్కన కూర్చుని తాంబూలం నమలతా కేకేసింది. "మామా, ఒక్క గుండిగకు అంతమంది యాలప్పా? నలుగురు పక్కకు పోతే ఉడుకుతాది."

"ఎవురు పోవల్లో నువ్వే చెప్పు తల్లీ" అన్నాడు మల్లప్ప, చెమట తుడుచుకుంటా.

మునిలక్ష్మి నడిమింట్లోకి తొంగి చూసింది. దీపం పక్కన పెట్టె ఉంది. తిరిగి వచ్చి కొంగు నడుముకు దోపుకుంది. "జరగండప్పా, ఆ తెడ్డు ఇట్లా తెండి. మీరు పంచాయితీ తేల్చేలోపల సంగటి మాడిపోతాది."